కోట ఒరిగినా సంత ఒరగలేదు: 160 ఏళ్ల ఆదోనికి పల్లెల అభినందన

అది క్రోధన నామ సంవత్సరం, ఇంగ్లీషు లెక్కలో 1865. ఆ ఏడు ఆదోని పురపాలక సంఘం పుట్టింది. అప్పటి నుంచి తెలుగు సంవత్సరాల చక్రం రెండుసార్లు పూర్తిగా తిరిగింది, మూడోసారి మూడింట రెండు వంతుల దూరం నడిచింది. విశ్వావసు వచ్చేసరికి 160 ఏళ్లు నిండాయి. మనిషికి ఒక్క అరవై నిండితేనే బంధువులను పిలిచి, మళ్లీ తాళి కట్టించి, అక్షతలు చల్లి పండగ చేసుకుంటాం. రెండు షష్టిపూర్తులు దాటి మూడోదాని వైపు నిబ్బరంగా నడుస్తున్న ఊరికి ఎన్ని దోసిళ్ల అక్షతలు చల్లాలి! ఈ శుభవేళ తుగ్గలి, జొన్నగిరి, పత్తికొండ, దేవనకొండల నుంచి, ఆస్పరి, ఆలూరు, హొళగుంద, కౌతాళం, కోసిగి పల్లెల నుంచి, ఎమ్మిగనూరు మగ్గాల వీధుల నుంచి, ఈ ఊరిని నమ్ముకుని బతికిన వేల గడపల తరఫున ఆదోనికి మనసారా అభినందనలు, నిండు దీవెనలు.

పట్టణం తన గొప్ప తాను చెప్పుకుంటే వినేవాళ్లు వింటారు, లేనివాళ్లు లేదు. ఆ పట్టణానికి తరతరాలుగా పంట మోసుకొచ్చిన పల్లె చెబితే అది సాక్ష్యం. మాది తుగ్గలి వైపు. మా జేజినాయన వేరుశనగ బస్తాలతో బండి కట్టుకుని ఆదోనికి బయలుదేరితే దారిలో ఒక రాత్రి ఆస్పరి దగ్గర చింతచెట్ల కింద గడిచేదట. మర్నాడు ఎండెక్కక ముందే ఎదురుగా బండరాళ్ల కొండలు లేచి నిలబడేవి. వాటిలో రణమండల కొండను గుర్తుపట్టగానే ఆయన ఎద్దులను ఆపి, పైనున్న ఆంజనేయస్వామికి చేతులెత్తి మొక్కి, తలపాగా సర్దుకుని మళ్లీ పగ్గం పట్టేవాడట. ఆయన నోట ఆ ఊరు చివరిదాకా ‘ఆదవాని’గానే ఉంది. ‘ఆదవానికి పోయొస్తా’ అన్న మాటలో సరుకు అమ్ముకోవడం, పెళ్లి బంగారం కొనడం, రోగమొస్తే డాక్టరుకు చూపించడం, పిల్లవాణ్ని హైస్కూల్లో చేర్చడం, అన్నీ ఇమిడిపోయేవి. పల్లెటూరి మనిషికి ఇన్ని పనులు ఒక్కచోట తీర్చిన ఊరు మాకు వేరే లేదు.

ఆదోని పేరు చెప్పగానే చరిత్ర తెలిసినవాళ్లకు ముందు కోట గుర్తొస్తుంది. గుర్తు రావాల్సిందే. విజయనగర రాజులకు అది ఉత్తరపు సరిహద్దులో పెట్టనికోట. తళ్లికోట యుద్ధంలో 1565లో విజయనగరం కూలాక మూడేళ్లకు, 1568లో, బీజాపూరు సుల్తానుల చేతికి వచ్చింది. 1688లో ఔరంగజేబు సేనలు పట్టుకున్నాయి. తర్వాత ఆసఫ్‌జాహీల ఏలుబడిలో, నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌కు జాగీరుగా దక్కి ఆయనకు రాజధాని అయింది. 1782లో ఆయన కన్నుమూశాక నాలుగేళ్లకే, 1786లో, టిప్పు సుల్తాన్ నెలరోజుల ముట్టడి తర్వాత కోటను గెలిచి బురుజులు పడగొట్టించాడు. ఇన్నిసార్లు చేతులు మారిన కోట దక్కనులోనే అరుదు. ఇవాళ కొండెక్కితే కూలిన గోడలు, నీళ్లింకిన దొనలు, రాతికి చెక్కిన జైన తీర్థంకరుల మూర్తులు కనిపిస్తాయి. కింద మాత్రం బజారు కిటకిటలాడుతూనే ఉంటుంది. ఏ సుల్తాను వచ్చినా, ఏ నవాబు పోయినా, మర్నాడు పొద్దున దుకాణం తలుపులు తెరిచిన ఊరిది. ఆదోనిని ఇన్ని శతాబ్దాలు నిలబెట్టింది దాని సంత అని మేం గట్టిగా నమ్ముతాం. ఈ అభినందన ముఖ్యంగా ఆ సంతకే.

కోట నీడన పెరిగినవి కూడా కొన్ని మిగిలాయి, అవీ ఊరి సొత్తే. పదిహేడో శతాబ్దిలో ఆదోనిని ఏలిన సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన రాతి జామియా మసీదు ఇప్పటికీ ఊరి నడుమ నిండుగా నిలిచి ఉంది. ఆ నవాబు కాలానికే చెందిన ఒక కథను ఈ సీమలో ముసలివాళ్లు పిల్లలకు చెబుతారు. వెంకన్న అనే అనాథ పశువుల కాపరి రాఘవేంద్రస్వామి దీవెనతో చదువు వచ్చి ఆదోని దివాను అయ్యాడనీ, ఆయన మాట మీదే నవాబు తుంగభద్ర ఒడ్డున మంచాల గ్రామాన్ని స్వామికి ఇచ్చాడనీ అంటారు. ఆ మంచాలే నేటి మంత్రాలయం. 1671లో స్వామి బృందావనస్థులైన ఆ క్షేత్రానికి ఏటా దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. ఒక ముస్లిం పాలకుడు, ఒక హిందూ దివాను, ఒక మాధ్వ యతి కలిసిన ఈ కథను ఆదోని తన పుట్టుమచ్చలా మోస్తోంది. మహాయోగి లక్ష్మమ్మవ్వ తేరు కదిలినా, పీర్లు లేచినా ఊరంతా వీధుల్లోకి వస్తుంది. ఏ వీధిలో చూసినా తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకే వాక్యంలో కలిసి దొర్లుతాయి, మార్వాడీ, గుజరాతీ దుకాణాల్లో ఇంకో రెండు భాషలు తోడవుతాయి. అంగట్లో బేరం ఆడేవాడు ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు చెప్పే దుకాణదారు ఈ ఊరి అసలు పౌరుడు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు వాళ్లకు ధారాదత్తం చేశాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చిందే. వాటికి మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతుకు నేరుగా పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పాడు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో తన పాత జిల్లాలను చూడాలని తిరుగుతూ మా పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకంగా పత్తికొండలో ప్రభుత్వం ఒక బావి తవ్వించి, చెట్లతోపు వేసింది. శిలావిగ్రహం పెట్టించే కాలంలో నీళ్లూ నీడా ఇచ్చే గుర్తును ఎంచుకోవడం మా ప్రాంతపు అవసరాన్ని ఎరిగిన పని. ఆ బావిని, ఆ తోపును ఇక్కడ తలుచుకోవడానికి కారణం ఉంది, చివర మళ్లీ వస్తాం.

ఇక పురపాలక సంఘం పుట్టిన ఏడాది. మద్రాసు ప్రభుత్వం 1865లో పట్టణాభివృద్ధి చట్టం చేసింది. వీధులు బాగుచేయడం, దీపాలు వెలిగించడం, చెత్త ఎత్తించడం, పోలీసు ఖర్చు మోయడం వంటి బరువులు పట్టణాల మీద పెట్టింది. తెలుగునాట భీమునిపట్నం 1861లోనే ఆ దారి తీసింది. సముద్రపు గాలి తగలని ఈ ఎండసీమలో ఆదోని నాలుగేళ్ల తేడాతో ఆ వరుసలో చేరింది. అదే ఏడు ప్రపంచంలో ఇంకో సంగతి జరిగింది. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసింది. ఆ యుద్ధం సాగిన నాలుగేళ్లు అమెరికా పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లులు మూగబోతే, ఆ మిల్లులకు ఎక్కువగా దూది పంపింది మన దేశమే. ధర ఆకాశానికి ఎక్కింది, బళ్ళారి జిల్లా నల్లరేగళ్లలోనూ పత్తి బండ్లు కదిలాయి. యుద్ధం ఆగగానే ధర దిగింది, ఎన్నో ఊళ్లలో ఆశలూ దిగాయి. ఆదోని మాత్రం పత్తిని వదల్లేదు. ధర ఎక్కినప్పుడు చేరడం ఎవరైనా చేస్తారు, దిగినప్పుడు నిలబడడంలోనే ఈ ఊరి గట్టితనం ఉంది.

1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు దారి, బొంబాయి నుంచి వచ్చిన రైలు దారి రాయచూరులో కలిశాయి. ఆ దారి మీద ఆదోని ఒక స్టేషను. ఆనాటి దాకా ఎద్దుబండి మీద వారాలు పట్టిన దూది, ఇక రోజుల్లో బొంబాయి చేరింది. జిన్నింగు ఫ్యాక్టరీలు, ప్రెస్సింగు ఫ్యాక్టరీలు, నూనె మిల్లులు ఒకదాని వెంట ఒకటి పొగగొట్టాలు ఎత్తాయి. మన సీమ పత్తికి బొంబాయి, మద్రాసు వ్యాపారుల లెక్కల్లో ‘వెస్టర్న్స్’ అని ప్రత్యేకంగా పేరు పడింది. ఊళ్లో నేసిన నూలు జంపఖానాలు మద్రాసు రాష్ట్రమంతా తెలిసిన సరుకు. 1901 జనాభా లెక్కల నాటికి ఊళ్లో ముప్పై వేల పైచిలుకు మనుషులు ఉన్నారు. 2011 నాటికి ఆ సంఖ్య లక్షా అరవై ఆరు వేలు దాటింది. జనం ఆదోనిని రెండో బొంబాయి అని పిలుచుకున్నారు. పెద్ద మాటే. అయినా చుట్టుపక్కల పల్లెలకు బొంబాయి చేసే పనే ఈ ఊరు చేసింది కాబట్టి ఆ పేరు దీనికి ఒదిగింది.

దారి అంతా పూలపాన్పు అనుకుంటే పొరపాటు. పురపాలిక పుట్టి పదకొండేళ్లకే, 1876లో, ధాత కరువు వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఆ కరువు ఘోరంగా తాకిన జిల్లాల్లో ఆదోని అప్పుడు ఉన్న బళ్ళారి జిల్లా ఒకటి. పల్లెలకు పల్లెలు ఖాళీ అయ్యాయి. మా అవ్వ వాళ్లు ఏదైనా తిండి గింజ నేలపాలైతే, ‘ధాత కరువు చూసిన నేల ఇది, ఏరుకో’ అనేవాళ్లు. వాళ్లు పుట్టకముందే గడిచిన కరువది, భయం మాత్రం నోటి నుంచి నోటికి చేరింది. ఆ శతాబ్దం చివర బళ్ళారి ప్రాంతాన్ని ప్లేగు కూడా తాకింది. పుట్టి పట్టుమని నలభై ఏళ్లు నిండని పురపాలికకు ఆ కాలం ఎంత బరువో ఊహించండి. ఆ రెండు దెబ్బలకూ తట్టుకుని, తిరిగి సంత పెట్టి, తిరిగి దీపం వెలిగించి నిలిచిన తొలి తరాల పేర్లు మనకు చాలావరకు తెలియవు. ఈ అభినందనలో మొదటి నమస్కారం వాళ్లకే.

1953 అక్టోబరు 1 ఈ ఊరి జీవితంలో ఇంకో పెద్ద మలుపు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఆ రోజున బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. రాయదుర్గం అనంతపురంలో చేరింది, ఆదోని, ఆలూరు కర్నూలులో చేరాయి. ఆ కర్నూలే కొత్త రాష్ట్రానికి రాజధాని. నూటయాభై ఏళ్లు బళ్ళారి వైపు చూసిన ఊరు ఒక్క రాత్రిలో కర్నూలు వైపు తిరగాల్సి వచ్చింది. తిరిగింది, కానీ పాత చుట్టరికం తెంచుకోలేదు. ఈనాటికీ ఆదోనిలో కన్నడ బడులు ఉన్నాయి, సిరుగుప్ప, బళ్ళారి బస్సులు నిండుగా నడుస్తాయి, పెళ్లి సంబంధాలు హద్దు దాటి కుదురుతూనే ఉన్నాయి. రెండు రాష్ట్రాల గడప మీద కూర్చుని ఇద్దరికీ అన్నం పెట్టగల ఇల్లాలి తీరు ఆదోనిది.

ఇప్పుడు మార్కెట్ యార్డుకు వెళ్దాం. దసరా దాటిన తర్వాత ఏ సోమవారమో తెల్లవారుజామున అక్కడ నిలబడి చూడని వాళ్లకు ఆదోని తెలుసని మేం ఒప్పుకోం. ట్రాక్టర్లు, లారీలు, బొలేరోలు, అప్పుడప్పుడు ఇంకా ఒకటీ అరా ఎద్దుబండి, అన్నీ పత్తి బోరేలతో పొంగిపోతూ గేటు దాటుతాయి. కౌతాళం రైతు పక్కన దేవనకొండ రైతు, వాళ్ల పక్కన సరిహద్దు అవతలి కన్నడ రైతు బోరెం విప్పి కూర్చుంటారు. తెల్లటి కుప్పలు నేల మీద వరుసలుగా పరుచుకుంటాయి. వ్యాపారి వచ్చి కుప్ప నడుమ నుంచి ఒక గుప్పెడు తీస్తాడు. రెండు బొటనవేళ్ల మధ్య దూదిని సాగదీసి పింజ పొడవు చూస్తాడు, అరచేతిలో నొక్కి తేమ చూస్తాడు, మాట్లాడకుండా ముందుకు నడుస్తాడు. ఆ మౌనంలో రైతు గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో రైతుకే తెలుసు. ధర పడ్డాక హమాలీలు వీపున బరువెత్తుకుని కాటా దగ్గరికి పరుగులు. పత్తి కాలం వెళితే వేరుశనగ, దాని వెంట ఆముదాలు, కందులు, పొద్దుతిరుగుడు. ఏడాది పొడుగునా యార్డు ఖాళీగా ఉండదు. రాష్ట్రంలో పత్తి మార్కెట్లు లెక్కపెట్టేవాళ్లు ఆదోనిని మొదటి వేలు మీదే పెడతారు.

కాటా చీటీ చేతికి వచ్చాక రైతు బయటికి వచ్చి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటాడు. నానబెట్టిన బొరుగులకు ఉల్లి, పప్పుల పొడి, పచ్చిమిరప పట్టించి, అంచున వేడి బజ్జీ పెట్టి ఇచ్చే ఆ పొట్లం మా చిన్నప్పుడు ఆదోని ప్రయాణానికి అసలు కారణం. మా నాయన ధర బాగా పడిన రోజు రెండు ప్లేట్లు పెట్టించేవాడు, పడని రోజు తనది మాకు తోసేసి టీ తాగేవాడు. ధర సంగతి ఆయన చెప్పకుండానే ప్లేట్లను బట్టి మాకు తెలిసిపోయేది. ఆ తర్వాత షరాఫ్ బజారు. షరాఫ్ అంటే నాణేన్ని పరీక్షించి మార్చేవాడు, వెండి బంగారాల వాడు. ఆ పేరుతో ఒక వీధే ఉందంటే ఈ ఊళ్లో ఎంతకాలంగా నాణెం గలగలలాడుతోందో చూడండి. మా అక్క మెడలోని నల్లపూసల దండ అక్కడిదే. పశ్చిమ కర్నూలు పల్లెల్లో ఏ ఇంటి ట్రంకు పెట్టె తెరిచినా షరాఫ్ బజారు ముక్క ఒకటి దొరుకుతుంది.

ఊరి వ్యాపారాన్ని మెచ్చుకునేవాళ్లు ఊరి ఊడ్పును మరిచిపోతారు. ఇన్నేళ్ల పురపాలిక అంటే ఇన్ని వేల తెల్లవారుజాములు ఎవరో ఒకరు ఈ వీధులు ఊడ్చారని అర్థం. సంత ముగిసిన సాయంత్రం నేల మీద మిగిలే దూది తుక్కు, వేరుశనగ పొట్టు, కూరగాయల ఆకులు, మర్నాటికి మాయమయ్యేది ఏ మంత్రంతోనూ కాదు. కరోనా రోజుల్లో అందరం తలుపులు వేసుకుంటే బయట తిరిగింది పారిశుధ్య కార్మికులే. నీళ్ల పనివాళ్ల రుణం అంతకు తక్కువేం కాదు. కొండల నడుమ రాంజల చెరువు దగ్గర మొదలైన ఊరి దాహపు కథ, ఇవాళ తుంగభద్ర దిగువ కాలువ దాకా పెరిగింది. వాన మొహం చాటేసే సీమలో లక్షన్నర దాటిన జనానికి కుళాయిలో నీళ్లు తెప్పించడం పెద్ద యజ్ఞం. వేసవిలో ఆ యజ్ఞం ఇంకా అరకొరగానే సాగుతోందని ఊళ్లో ఇల్లాళ్లకు బాగా తెలుసు. 2015లో మొదలైన అమృత్ పథకంలో ఆదోనికి చోటు దక్కింది. ఆ పని చివరి వీధి చివరి కుళాయి దాకా చేరాలని మా కోరిక, చేరుతుందని మా నమ్మకం.

ఆదోనికి దీవెన చెప్పేటప్పుడు ఎమ్మిగనూరును పక్కన కూర్చోబెట్టకపోతే లోటు. ఆదోని దూదిని దేశానికి అమ్మితే, ఎమ్మిగనూరు నూలును బట్టగా మలిచింది. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టారు. అప్పులోళ్ల గుమ్మం ముందు నిలబడే నేతగాడు సంఘం సభ్యుడై తలెత్తుకున్నాడు. ఆ కృషికి 1954లో పద్మశ్రీ వచ్చింది. నీలకంఠేశ్వరస్వామి జాతరకు పశువుల సంతతో కిక్కిరిసే ఆ ఊరు, పత్తి సంతతో కిక్కిరిసే ఈ ఊరు తోడబుట్టినవి. ఒకదాని మేలు కోరితే రెండోదాని మేలూ కోరినట్టే.

ఇప్పుడు ఊరి నడిబొడ్డు కొత్త ఊపిరి పోసుకోవాల్సిన వేళ. రైల్వే స్టేషను అమృత్ భారత్ పథకంలో చేరింది, 1871 నాటి దారికి కొత్త ముఖం రాబోతోంది. ఎం.ఎం. రోడ్డు, శ్రీనివాస భవన్ కూడలి, భీమాస్ కూడలి, తిమ్మారెడ్డి బస్టాండు పరిసరాలు ఎద్దుబండ్ల కాలపు వెడల్పుతో లారీల కాలపు బరువు మోస్తున్నాయి. వెడల్పు చేయాలి, మురుగుకాలువలు కప్పాలి, తీగలు సర్దాలి, నిజమే. అయితే ఒక మాట మనసు విప్పి చెబుతాం. బజారును బాగుచేసే పేరుతో బజారులోని మనిషిని బయటికి తోయవద్దు. బుట్టలో కరివేపాకు పెట్టుకుని అంచున కూర్చునే అవ్వ, బోరెం కుట్టే దబ్బనం అమ్మేవాడు, తాళం చెవులు సానబట్టేవాడు, వీళ్లంతా ఉంటేనే అది ఆదోని. అద్దాల దుకాణాలు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. ఈ వీధుల వయసు ఇంకెక్కడా దొరకదు. బసాలత్ జంగ్ సమాధి, జామియా మసీదు, కోట మెట్లు, పాత జిన్నింగు ఫ్యాక్టరీల రాతి గోడలు, ఇవి కూల్చి కట్టేవి కావు, కడిగి కాపాడుకునేవి. నాలుగు బోర్డులు పెట్టి, మెట్లు సరిచేసి, కొండ మీద చెత్త ఏరితే రణమండలానికి మొక్కుకోను వచ్చిన కుటుంబం కోట చూసి, బజారులో భోంచేసి, సాయంత్రం రైలెక్కుతుంది. ఊరికి అదీ ఒక పంటే.

అభినందనలో బాధ చెప్పకూడదంటారు. ఇంటివాళ్లం కాబట్టి చెబుతున్నాం. ఏటా పత్తి, మిరప కోతల కాలానికి మా పల్లెల నుంచి కుటుంబాలు మూటముల్లె కట్టుకుని సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు, తెలంగాణ వైపు. తలుపులకు తాళాలు, ఇంట్లో ముసలివాళ్లు, బడిలో ఖాళీ బెంచీలు మిగులుతాయి. ఇంత దూది పండే సీమలో దూదిని దారంగా, దారాన్ని బట్టగా, బట్టను చొక్కాగా మలిచే పని ఇక్కడే దొరికితే ఆ మూటలు కట్టే పని ఉండదు. ఆదోనికి మంజూరైన వైద్య కళాశాల పూర్తయి తలుపులు తెరిస్తే రాత్రిపూట కాన్పు నొప్పులతో కర్నూలు దారి పట్టే ఆటోల సంఖ్య తగ్గుతుంది. మిల్లులు నడిపిన చేతులకు, వందేళ్ల పైబడి సంత నడిపిన బుర్రలకు ఇవి అసాధ్యం కావు. రెండో బొంబాయి అని పిలిపించుకున్న ఊరి దగ్గర ఇంత ఆశించడం మా హక్కు.

మా నేలది ఒక కానుక ఉంది. తుగ్గలికి, జొన్నగిరికి దగ్గర్లో ఎర్రగుడి అని చిన్న ఊరు. తొలకరి పడగానే చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం జనం నేలను చూస్తూ తిరిగే ప్రాంతమది. 1929లో అక్కడి గుట్ట బండల మీద అశోకుడి శాసనాలు బయటపడ్డాయి, పద్నాలుగు పెద్ద శాసనాలూ. వాటిలో రెండోదాని సారం ఏమిటంటే, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాం, మందు మొక్కలు లేని చోట తెప్పించి నాటించాం, దారుల పక్కన బావులు తవ్వించాం, చెట్లు నాటించాం అని. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందటి ఆ మాట చదివితే ఏదో పురపాలిక వార్షిక నివేదిక చదివినట్టే ఉంటుంది. వజ్రం ఎవరికో ఒకరికి దొరుకుతుంది, ఈ బండ మాత్రం అందరిదీ. మన్రో పేరిట పత్తికొండలో తవ్విన బావి, వేసిన తోపు కూడా ఆ రాతనే తెలియకుండా పాటించాయి. వైద్యం, నీళ్లు, నీడ. ఈ మూడూ ఆదోని నడిబొడ్డుకు దక్కాలని, దారీ తెన్నూ చూపించే ఆ రాతను 160 ఏళ్ల పండగకు మా వైపు నుంచి సారెగా పంపుతున్నాం.

ఆదోని పురపాలిక ఇంకా వందల ఏళ్లు వర్ధిల్లుగాక! దాని సంత నిండుగా, దాని కుళాయిలు తడిగా, దాని బడులు సందడిగా ఉండుగాక! పత్తి చేనుకు పూత, రైతు చేతికి ధర, హమాలీ ఒంటికి సత్తువ, షరాఫ్ బజారుకు పెళ్లిళ్ల కాలం ఎప్పుడూ తరగకుండుగాక! తేరూ పీరూ ఒకే వీధిలో తరతరాలు నడుచుగాక!

ఆదోని పౌరులారా, ఈ ఏడు మీ దుకాణం ముందు, మీ గడప ముందు ఒక వేపమొక్క నాటండి. అది నీడకు వచ్చేదాకా దాని పక్కన వేసవిలో ఒక కుండ నీళ్లు పెట్టండి. దసరా దాటగానే పత్తి బోరేలతో మేం వస్తాం.